తొమ్మిది తలల లెక్క

ఆ వీధిలో ఎవరికైనా సంసారం మీద విసుగు పుడితే చాలయ్య సెలూన్‌కి వెళ్ళేవారు. జుట్టు పెరగకపోయినా వెళ్ళేవారు. చాలయ్య అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉండేది కానీ, దాన్ని ఆయన భార్య తప్ప ఎవరూ చదివేవారు కారు. ఈ పేరు రావడానికి కారణం ఆయన పెట్టుకున్న నియమం. రోజుకు తొమ్మిది తలలు, అంతే. తొమ్మిదో తల పూర్తికాగానే భుజం మీది తుండు తీసి, దులిపి, గోడకున్న పెద్ద అద్దం మీద కప్పేసేవాడు. అద్దం మీద తుండు పడిందంటే ఆ రోజుకి షాపు మూసినట్టే. పదో మనిషి గుమ్మంలో నిలబడి బతిమాలినా, రెట్టింపు ఇస్తానన్నా, రేపు పెళ్ళిచూపులండీ బాబూ అని మొత్తుకున్నా ఒకటే మాట. "చాలు. రేపు రండి."

మొదట్లో వీధి నవ్వింది. కాళ్ళ దగ్గరికి వచ్చిన బేరాన్ని కాలదన్నుకునే మనిషిని చూడలేదని పక్క చెప్పుల షాపువాడు ముక్కు మీద వేలేసుకున్నాడు. ఏడాది గడిచినా ఆయన బాకీల్లో పడలేదు, రెండేళ్ళు గడిచినా షాపు మూతపడలేదు. అప్పుడు నవ్వు కాస్తా గౌరవమైంది. లోకం తీరే అంత. నువ్వు చేసే పిచ్చిపని రెండేళ్ళు నిలబడితే దానికి సిద్ధాంతం అని పేరు పెడుతుంది.

డబ్బును ఆయన డబ్బుగా లెక్కపెట్టేవాడు కాదు, తలల్లో లెక్కపెట్టేవాడు. సరుకులకు ఇన్ని తలలు, అద్దెకు ఇన్ని తలలు, చెప్పుల జతకు రెండు తలలు. గడ్డం అరతల. చిన్నపిల్లాడిది ముప్పాతిక తల, గింజుకుంటే మాత్రం నిండు తల. బట్టతల వచ్చినవాళ్ళు తగ్గించమని అడిగితే ఒప్పుకునేవాడు కాదు, ఉన్న నాలుగు వెంట్రుకలను వెతికి పట్టుకోవడం కూడా పనే కదా అనేవాడు. ధరలు పెరుగుతున్నాయి కదయ్యా, తొమ్మిది ఎలా సరిపోతాయని ఎవరైనా అడిగితే దానికీ ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. సరుకుల ధర పెరిగితే తల ధరా పెంచుతాను, కాబట్టి ఎన్నేళ్ళైనా తొమ్మిది తొమ్మిదే. వినేవాళ్ళు తలాడించేవారు. చేతిలో కత్తెర పట్టుకుని మెడ వెనక నిలబడ్డ మనిషితో ఎవరు మాత్రం వాదిస్తారు?

మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేవాడు. తినేవాడు. మంచం మీద నడుం వాల్చేవాడు. నాలుగు దాటాక లేచి టీ తాగి, కూతురు చిన్నదిగా ఉన్నప్పుడు దాన్ని భుజాన వేసుకుని, పెద్దయ్యాక ఒక్కడే, పార్కు దాకా నడిచి వచ్చేవాడు. సాయంత్రం క్యారమ్స్. తాగుడు లేదు, పేకాట లేదు, పెళ్ళాం మీద గొంతెత్తింది లేదు. వీధిలోని ఆడవాళ్ళు తమ మగవాళ్ళను దెప్పడానికి ఆయన పేరే వాడేవారు. అదృష్టమంటే నీదేనమ్మా అని ఆయన భార్యతో అనేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటారు. చాలయ్య ఇంట్లో ఈగల మోత బయటికి వినపడేది కాదు. వినపడకుండా చూసుకున్నది ఈ భార్యే. ఇక్కడ చెప్పుకోవలసింది ఆవిడ సంగతి. చాలయ్య సంగతి చెప్పుకోవడానికి వీధి ఉండనే ఉంది.

తప్పు ఎక్కడ మొదలైందో ఆవిడకు బాగా తెలుసు. తన నోట్లోనే మొదలైంది. పెళ్ళైన కొత్తలో, షాపు వెనక ఒంటిగదిలో కాపురం పెట్టిన వారానికి, మొగుడు ఎదురుగా కూర్చుని బుద్ధిమంతుడిలా అడిగాడు, ఇల్లు ఇబ్బంది లేకుండా, హాయిగా గడవాలంటే రోజుకు ఎన్ని తలలు కావాలని. అప్పటికి షాపుకు ఏడు తలలు వస్తే గొప్ప. ఆవిడ మనసులోనే కూడుకుంది. పదకొండు తేలింది. ఆ మాట అంటే మనిషి బెంబేలెత్తిపోతాడని, తొమ్మిదైతే చాలండీ అంది. అది కొత్త పెళ్ళికూతురి మొహమాటం. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు ఇంకాస్త వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలు అంటాం చూడండి, అలాంటి చాలు. కడుపు నిండి అనేది కాదు. ఆ మాటను పట్టుకుని జన్మంతా అదే కొలతగా పెట్టుకునే మనిషి ఉంటాడని ఏ ఆడపిల్ల అనుకుంటుంది?

తొమ్మిది తలలు రావడానికి ఆయనకు ఏడాది పట్టింది. వచ్చిన రోజు వెలిగిపోతున్న మొహంతో ఇంటికి వచ్చి, ఇక మనకు లోటేం లేదన్నాడు. ఆ మొహం చూసి ఆవిడ ఏమీ చెప్పలేకపోయింది. తర్వాత కూతురు పుట్టింది. ఒంటిగది రెండు గదుల ఇల్లయింది. బడి ఫీజులు వచ్చాయి, ఆస్పత్రి ఖర్చులు వచ్చాయి. ఆయన తల ధర ఒక్క మెట్టు ఎక్కేలోపు ఇంటద్దె మేడెక్కి కూర్చునేది. తొమ్మిది తొమ్మిదేనన్న సిద్ధాంతం వినడానికి బాగానే ఉండేది. దాన్ని పట్టుకుని కిరాణా కొట్టుకు వెళ్ళాల్సింది మాత్రం ఆవిడ.

అప్పుడు మొదలుపెట్టింది కాజాలు. వీధి చివర కోట్లు కుట్టే టైలర్ ఉండేవాడు. మిషన్ మీద కుట్టిన కాజా ఖరీదైన కోటుకు అందం కాదని, గుండీ పట్టే ఆ చీలిక చుట్టూ దారంతో చేత్తోనే అల్లించేవాడు. ఓపిక, చూపు, సన్నని వేళ్ళు కావలసిన పని. ఆవిడ నాలుగు కోట్లు ఇంటికి తెచ్చుకుంది. ఇదేమిటని మొగుడు అడిగితే, ఊరికే కూర్చుంటే తోచడం లేదండీ అంది. ఇది రెండో మొహమాటం. మంచిదే, కాలక్షేపం ఉండాలి అని ఆయన మెచ్చుకుని మంచమెక్కాడు.

ఆ మధ్యాహ్నం మొదలు ప్రతి మధ్యాహ్నం అంతే. మంచం మీద ఆయన గురక, కిటికీ దగ్గర ఆవిడ సూది. వెలుతురు జరిగితే తనూ పీట జరుపుకునేది. ఆయన కదలగానే కోట్లు మడిచి పక్కన పెట్టి టీ పెట్టేది. చూపుడువేలి కొస మొద్దుబారింది. కళ్ళజోడు వచ్చింది. ఆ కళ్ళజోడు కూడా కాజాల డబ్బుతోనే కొనుక్కుంది. వంటింటి డబ్బాలో రోజూ ఆయన తలలు పడేవి, వారానికోసారి ఆవిడ కాజాలు పడేవి. డబ్బా అడుగు కనపడేది కాదు. చూశావా, తొమ్మిదితో డబ్బా ఎప్పుడైనా ఖాళీ అయిందా అని ఆయన అందరికీ చెప్పేవాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆవిడ సొమ్ముతో ఆయన వీధికి నీతులు పంచాడు.

కోపం రాలేదా అంటే వచ్చింది. ఎందుకు రాదు? ఎండాకాలం వేళ్ళకు చెమట పట్టి దారం జారిపోతున్నప్పుడు, మంచం మీద హాయిగా పొర్లే మనిషిని చూస్తే ఒళ్ళు మండేది. ఒకటి రెండు సార్లు కావాలని గిన్నె కింద పడేసింది. ఆయన కళ్ళు తెరిచి, దెబ్బ తగల్లేదు కదా అని అడిగి మళ్ళీ పడుకున్నాడు. అంత మంచిగా అడిగేవాడితో ఎలా పోట్లాడాలో ఆవిడకు తెలియలేదు. చెడ్డ మొగుడికైతే ఊరంతా విరుగుడు చెబుతుంది. మంచి మొగుడి మీద కోపం వస్తే చెప్పుకోవడానికి పుట్టింట్లో కూడా చోటుండదు.

ఇలాగే గడిచిపోయేది కూడా. చాలామంది బతుకులు ఇలాగే గడిచిపోతాయి. కానీ కూతురు పెళ్ళి దగ్గరికి వచ్చింది.

కూతురు మందుల షాపులో బిల్లులు రాసే ఉద్యోగం చేస్తోంది. ఆ షాపులో ఫ్రిజ్ పాడైనప్పుడల్లా ఒక మెకానిక్ కుర్రాడు వచ్చేవాడు. తర్వాత ఫ్రిజ్ పాడవకపోయినా రావడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఇంట్లో చెప్పారు, ఎవరూ కాదనలేదు. కుర్రాడు నెమ్మదస్తుడు, పెద్ద కంపెనీలో జీతం, కాకపోతే పని పొద్దున మొదలైతే చీకటి పడే దాకా. కాబోయే మామగారని జుట్టు కత్తిరించుకోవడానికి సెలూన్‌కి రాసాగాడు. వచ్చినవాడు తల ఒక్కటే ఇచ్చి పోకుండా మనసు కూడా అక్కడే వదిలేశాడు. మామగారి సిద్ధాంతం వాడి బుర్రకు బాగా ఎక్కింది. కంపెనీ మానేసి సొంతంగా చిన్న రిపేరు షాపు పెడతానని, మధ్యాహ్నం దాకానే పని చేస్తానని, పెళ్ళాం కూడా ఉద్యోగం మానేస్తే ఇద్దరూ మామయ్యావాళ్ళలా హాయిగా ఉంటారని తేల్చుకున్నాడు. కూతురు కళ్ళు మెరిశాయి. చాలయ్యకైతే కాళ్ళు నేల మీద ఆనలేదు. జన్మకు ఒక్క శిష్యుడు దొరికితే ఎవరికైనా అంతే.

భార్య ఒకసారి మెల్లగా అని చూసింది, ఉన్న జీతం వదులుకోవడం ఎందుకండీ అని. ఆయన ఆశ్చర్యపోయాడు. "తొమ్మిది చాలని చెప్పింది నువ్వే కదా. మనకు గడవలేదా?" అన్నాడు. ఆవిడ మాటే తిరిగొచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కూతురు పని నుంచి వచ్చి, చెప్పులు విప్పి, తల్లి పక్కన చతికిలబడింది. ఒళ్ళోని కోటు అంచును వేళ్ళతో తడుముతూ అడిగింది.

"అమ్మా, నాకూ కాజాలు నేర్పవా?"

"నీకెందుకే?"

"ఉద్యోగం మానేశాక మధ్యాహ్నాలు తోచదు కదా. నువ్వూ అందుకేగా కుడతావు."

సూది వేలికి గుచ్చుకోలేదు. గుచ్చుకున్నా బాగుండేది, అరవడానికి ఒక వంక దొరికేది. ఆవిడ కుడుతున్న కాజా పూర్తిచేసి దారం కొరికింది. తర్వాత చూద్దాంలే అంది. లోపల మాత్రం భయం పట్టుకుంది. తన కిటికీ దగ్గర, తన పీట మీద, తన కళ్ళజోడు పెట్టుకుని కూతురు కూర్చుని కనపడింది. పక్కన మంచం మీద ఫ్రిజ్‌ల కుర్రాడు గురక పెడుతున్నాడు. చెబితే మొగుడి పేరు వీధిలో పోతుంది. చెప్పకపోతే కూతురి కాపురం ఒక అబద్ధం మీద నిలబడుతుంది, ఆ అబద్ధం ఆడింది తను. నాలుగు రోజులు ఆవిడ అన్నం సరిగా తినలేదు.

ఐదో రోజు సెలవు. కుర్రాడు భోజనానికి వచ్చాడు. రాజీనామా కాగితం రాసి చొక్కా జేబులో పెట్టుకునే వచ్చాడు, మామగారికి చూపించి రేపు పొద్దున ఆఫీసులో ఇచ్చేస్తాడట. చాలయ్య దాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకుని తిరిగి ఇచ్చాడు. తింటూ తింటూ అల్లుడికి లెక్క చెప్పసాగాడు. ఒక ఫ్రిజ్ బాగుచేస్తే వచ్చేది సుమారు నాలుగున్నర తలలు. కాబట్టి రోజుకు రెండు ఫ్రిజ్‌లు చాలు. రెండో ఫ్రిజ్ తలుపు మూయడం, షాపు తలుపు మూయడం ఒకేసారి జరిగిపోవాలి. కొలిచినట్టు తొమ్మిది తలలు. కుర్రాడు పరీక్షకు చదువుకునే పిల్లాడిలా తలూపాడు.

"తొమ్మిది కాదు," అంది ఆవిడ. చేతిలో గరిట ఉంది.

చాలయ్య తలెత్తాడు. "ఏది తొమ్మిది కాదు?"

"ఇల్లు గడవడానికి. తొమ్మిది ఏనాడూ చాలలేదండీ. పదమూడు పడుతోంది."

ఆయన నవ్వాడు. పెళ్ళాం ఎక్కడో కూడిక తప్పిందనుకున్నాడు. "నేను చేసేదే తొమ్మిది. మిగతా నాలుగు తలలు ఎవరివి మరి?"

"నావి."

గరిట గిన్నెలో పెట్టి ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, సరుకుల చీటీ చదివినట్టు చెప్పింది. అద్దెలో మూడో వంతు కాజాలది. కూతురి చదువు ఫీజులు మొదటి నుంచి చివరి దాకా కాజాలవి. మొన్నటి పళ్ళ డాక్టరు, అటు మొన్నటి గ్యాస్ పొయ్యి, గోడకు వేయించిన సున్నం. ఆఖరికి సెలూన్‌లో కుర్చీ చిరిగితే కొత్త సీటు వేయించింది కూడా కాజాల డబ్బుతోనే. ఆ కుర్చీ పక్కన నిలబడే ఆయన వీధందరికీ తొమ్మిది తలల పాఠం చెప్పాడు. ఈ సంగతి మాత్రం ఆవిడ అనలేదు, ఆయనకే తట్టింది. మొహం ఎర్రబడింది.

"ఇన్నేళ్ళూ నా వెనకాల ఇంత నడిపావా?"

"వెనకాల కాదండీ. మీ ఎదురుగానే, ఆ కిటికీ దగ్గర కూర్చునే కుట్టాను. మీరు నిద్రపోతున్నారు."

ఎవరూ తినడం లేదు. కుర్రాడు చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు, అందులోంచి ఏదో పాకి బయటికి వచ్చేస్తుందన్నట్టు. కూతురు తల్లి చూపుడువేలి వైపే చూస్తోంది. ఆ వేలిని పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉంది, కానీ అప్పుడే చూసినట్టుంది. తల్లి ఆ పిల్ల వైపు తిరిగింది.

"కాజాలు నేర్చుకుంటానంటే నేర్పుతాను. పనిలో తప్పేం లేదు. తోచక కుడుతున్నానని మాత్రం ఎవరితోనూ అనకు. మొగుడితో అసలే అనకు."

చాలయ్య చెయ్యి కడుక్కుని, మంచం వైపు కూడా చూడకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజూ, మర్నాడూ ఆయన ఇంట్లో నోరు విప్పలేదు. కడుపు మండాల్సింది ఒకరికి, అలక ఇంకొకరిది! ఆవిడ మాత్రం పెట్టాల్సినవి పెట్టింది, చెయ్యాల్సినవి చేసింది, వెళ్ళి బుజ్జగించలేదు. ఇన్నేళ్ళలో ఆయన అలిగినప్పుడు బుజ్జగించకపోవడం అదే మొదలు. తప్పు చేశానేమో, నలుగురిలో కాకుండా చాటుగా చెప్పాల్సిందేమో అనుకుంది. చాటుగా చెబితే ఈ మనిషి వినేవాడా అని మళ్ళీ తనే జవాబు చెప్పుకుంది.

ఆ మర్నాటి మధ్యాహ్నం తొమ్మిదో తల అయ్యాక చాలయ్య అద్దం మీద తుండు కప్పి, ఇంటికి రాకుండా వీధి చివరికి నడిచాడు. ఈ సంగతి ఆవిడకు తర్వాత టైలరే చెప్పాడు. వచ్చి స్టూలు మీద కూర్చుని, ఎన్ని కాజాలకు ఒక తల అవుతుందని అడిగాడట. టైలర్‌కి మొదట ప్రశ్నే అర్థం కాలేదు. అర్థమయ్యాక లెక్క చూసి ఆరు అన్నాడు. ఆరు కాజాలు కుట్టడానికి ఎంతసేపు పడుతుందని మళ్ళీ అడిగాడు. చెయ్యి తిరిగినవాళ్ళకైతే గంట అన్నాడు టైలర్. చాలయ్య వేళ్ళ మీద లెక్క వేశాడు. ఆయన చేతిలో గంటకు మూడు తలలు తెగుతాయి. అంటే తన తొమ్మిది తలలకు మూడు గంటలు, ఆవిడ నాలుగు తలలకు నాలుగు గంటలు. ఇంట్లో ఎక్కువసేపు పని చేసేది ఎవరో ఆయన జీవితంలో మొదటిసారి కూడి చూసుకున్నాడు. వంట, అంట్లు ఇంకా అందులో కలపలేదు.

ఒకటి నేనూ కుట్టి చూస్తానన్నాడట. టైలర్ చెత్త గుడ్డముక్క ఇచ్చాడు, నయం, కోటు ఇవ్వలేదు. అంత నేర్పరి కత్తెర చెయ్యి సూదికి దారం ఎక్కించడానికే తంటాలు పడింది. దారం ముడిపడింది, విప్పాడు. వేలికి గుచ్చుకుంది, చప్పరించాడు. ఒక్క కాజా పూర్తయ్యేలోపు టైలర్ ఒక చేతిపట్టీ కుట్టేసి టీ కూడా తాగొచ్చాడు. ఆ కాజాను టైలర్ వెలుతురులో పెట్టి చూసి, గుండీ కాదు కదా గుమ్మడికాయ కూడా పడుతుందని నవ్వాడు. చాలయ్యకు నవ్వు రాలేదు. ఆ గుడ్డముక్కను మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

ఇంటికి వచ్చేసరికి ఆవిడ కిటికీ దగ్గరే ఉంది. ఆయన మంచం మీద కూర్చోలేదు, ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పెళ్ళైన కొత్తలో కూర్చున్నట్టే. తొమ్మిది అని ఎందుకన్నావని అడిగాడు. మీరు భయపడతారని అంది. సరే, తర్వాతైనా చెప్పొచ్చు కదా అన్నాడు.

"వీధంతా మిమ్మల్ని చాలయ్య అని పిలుస్తుంటే, చాలడం లేదని ఏ నోటితో చెప్పమంటారు?"

ఆయన తల వంచుకున్నాడు. ఆ తల మధ్యలో జుట్టు పలచబడుతోందని ఆవిడ అప్పుడు గమనించింది. జాలి కూడా వేసింది, దాచుకోవడం ఎందుకు. అయినా ఊరుకుంది. మొహమాటం ఎంత ఖరీదైనదో ఈపాటికి ఆవిడకు బాగా తెలుసు.

"మళ్ళీ అడుగుతున్నా," అన్నాడాయన. "ఈసారి నా మొహం చూసి చెప్పకు. ఇల్లు హాయిగా గడవాలంటే ఎంత కావాలి?"

"ఇంటికి పదమూడు."

"నీకు?"

ఆ ప్రశ్న ఆవిడను ఎవరూ అడగలేదు, తనకు తాను కూడా వేసుకోలేదు. చీర అందామా అంటే ఉన్నాయి. నగ అంటే మనసు పోలేదు. కోటును ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి, మంచం వైపు చూసింది.

"నాకొక మధ్యాహ్నం కావాలి."

"ఒక్కటేనా?"

"రోజుకొకటి."

ఆ వారం నుంచి చాలయ్య పదమూడు తలలకు దిగాడు. వీధి గోలగోలగా చెప్పుకుంది. ఆశ పుట్టిందని కొందరు, బాకీల్లో మునిగాడని కొందరు, కూతురి పెళ్ళి ఖర్చని కొందరు. తొమ్మిది తలల సిద్ధాంతం ఏమైందని చెప్పుల షాపువాడు నిలదీస్తే, అది ఒక్కడి సిద్ధాంతం కాదని ఇన్నాళ్ళూ తెలియలేదు అని మాత్రం అన్నాడట. సాయంత్రానికి ఆయన పాదాలు వాచేవి. క్యారమ్స్ ఆట వారానికోసారి అయింది. ఫ్రిజ్‌ల కుర్రాడు రాజీనామా కాగితాన్ని జేబులోంచి తీసి చింపలేదు, ఇవ్వనూ లేదు. అతనూ కూతురూ కూర్చుని లెక్క మొదటి నుంచి వేసుకుంటున్నారు. ఈసారి అంకెలు చెప్పేది కూతురు. తన ఉద్యోగం మానే ప్రసక్తి లేదని ముందే తేల్చి చెప్పింది.

కోట్లు తేవడం ఆపేసిన మొదటి మధ్యాహ్నం ఆవిడ అన్నం తిని, తలుపు దగ్గరగా వేసి, మంచం మీద పడుకుంది. ఎంత ఆశపడిన నిద్ర! కళ్ళు మూసుకుంటే నిద్ర రాదే. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. గురక లేదు. దుప్పటి అంచును పట్టుకుని వేళ్ళు వాటంతటవే కుడుతున్నాయి. అటు దొర్లింది, ఇటు దొర్లింది. చాలాసేపు అలా దొర్లి, లేచి ముఖం కడుక్కుని, ఇంటికి తాళం వేసి సెలూన్‌కి నడిచింది.

కుర్చీలో ఒక మనిషి ఉన్నాడు. చాలయ్య ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ కత్తిరిస్తున్నాడు. ఏమిటన్నట్టు చూశాడు. ఏమీ లేదన్నట్టు తలూపి, గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చుంది. కత్తెర చప్పుడు ఆగకుండా ఒకే తీరున వస్తోంది. పౌడరు వాసన, తడి జుట్టు వాసన. కాసేపు పాత పత్రిక తిరగేసింది. తర్వాత గోడకు తల ఆనించింది. ఎప్పుడు ఒరిగిందో తెలియదు, కాళ్ళు కూడా పైకి ముడుచుకుని బల్లంతా తనదే చేసుకుని నిద్రపోయింది.

చాలయ్య వెనక్కి తిరిగి చూశాడు. మధ్యాహ్నం దాటాక ఆ షాపులోకి ఎండ ఎలా వస్తుందో ఇన్నేళ్ళుగా ఆయనకే తెలియదు. గుమ్మంలోంచి వచ్చి, పెద్ద అద్దానికి తగిలి, తిన్నగా వెళ్ళి ఆవిడ కళ్ళ మీద పడుతోంది. నిద్రలోనే ఆవిడ నొసలు ముడిపడ్డాయి. ఆయన కత్తెర పక్కన పెట్టి, భుజం మీది తుండు తీశాడు. దులపలేదు, చప్పుడవుతుందని. తీసుకెళ్ళి అద్దం మీద కప్పాడు.

ఎండ పోయింది. ఆవిడ మొహం తేటపడింది.

అప్పుడే ఇంకో మనిషి గుమ్మంలోకి వచ్చాడు. అద్దం మీద తుండు చూసి, అయ్యో, అయిపోయిందా, చాలయ్యా అన్నాడు. చాలయ్య పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. బల్ల మీద చోటు లేదు కాబట్టి అతను తన వంతు వచ్చే దాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చాలయ్య మళ్ళీ కత్తెర అందుకుని, అద్దం లేకుండానే, మెల్లగా కత్తిరించసాగాడు.